తరగతిగదిలో లాప్‌టాప్

గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం యానాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. కాబట్టి దూరమంటే ఏమిటో యానాం పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య కూడా దూరం ఉండవచ్చు. ఒకరి ఇంట్లో కంప్యూటర్ ఉంటుంది, మరొకరి ఇంట్లో ఉండదు. దీనినే డిజిటల్ అంతరం అంటున్నారు. 2020లో కరోనా వల్ల బడులు మూసినప్పుడు ఈ అంతరం అందరి కంటా పడింది. ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోను తండ్రితోపాటు వేటకు వెళ్లిపోతే, ఆ పూట పిల్లలకు పాఠం లేనట్టే.

ఈ అంతరాన్ని తగ్గించాలని ప్రభుత్వాలు యంత్రాలు పంచాయి. తమిళనాడులో 2011లో ఉచిత లాప్‌టాప్‌ల పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఇవ్వడం మంచిదే. కాని ఎన్ని ఇచ్చామో చెప్పి ఊరుకుంటే, వాటివల్ల ఎవరికి ఏమి వచ్చిందో తెలియదు. అది పరిశోధించి తెలుసుకోవలసిన విషయం.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం బడిపిల్లలకు లక్షల లాప్‌టాప్‌లు ఇచ్చింది. అక్కడి 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించిన పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రకటించారు. పిల్లలకు యంత్రం వాడడం వచ్చింది. లెక్కల్లో, భాషలో మాత్రం చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. మన దేశంలో వడోదర సంగతి వేరు. అక్కడి పురపాలక పాఠశాలలకు ప్రభుత్వం ఇచ్చిన కంప్యూటర్లు చాలావరకు వాడకుండానే ఉండిపోయాయి. 2002లో ప్రథమ్ సంస్థ వాటిని వాడుకలోకి తెచ్చి, 4వ తరగతి పిల్లలను ఒక్కొక్క కంప్యూటర్ ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. లెక్కల్లో మార్కులు బాగా పెరిగాయి. ఆ కార్యక్రమం ముగిసిన ఏడాదికి అందులో చాలా భాగం తరిగిపోయింది కూడా. ఈ రెండో మాటను చాలామంది చెప్పరు.

తెలుగు చెప్పేవాడికి యంత్రాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నా పట్టింపు అక్షరాలతోనే. ‘లక్ష్మి’ అని కాగితం మీద రెండక్షరాలుగా రాస్తాము. కంప్యూటర్ దానిని ఏడు గుర్తులుగా దాచుకుంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అయినా తన పేరును ఇంగ్లీషు అక్షరాలలో తప్ప కొట్టలేని పిల్లవాడు తెలుగు మాధ్యమంలో ఉంటే, వాడికి యంత్రం సగమే అందిందని నా అభిప్రాయం. మిగతా సగం ఇవ్వవలసింది లాప్‌టాప్ కాదు, ఉపాధ్యాయుడు. ఆయనకు ముందుగా శిక్షణ ఇవ్వకుండా పెట్టెలు దింపడం పడవ ఇచ్చి తెడ్డు మరచినట్టే.

అందుచేత యానాం బడిలో పరిశోధన జరిగితే పెద్ద పట్టికలతో మొదలుకానక్కరలేదు. ఒక నెల పాటు తరగతిలో ఎవరి చేతిలో కీబోర్డు ఎన్ని నిమిషాలు ఉన్నదో రాసిపెట్టుకోవాలి. దరియాలతిప్ప నుంచి వచ్చిన అమ్మాయికి ఎన్ని నిమిషాలు దొరికాయి? ఇంట్లో కంప్యూటర్ ఉన్న అబ్బాయి ఎన్ని నిమిషాలు లాక్కున్నాడు? ఇద్దరిలో చురుకైనవాడు కొడుతుంటే రెండోవాడు చూస్తూ కూర్చోవడం నేను చాలా చోట్ల గమనించాను. అలా కూర్చున్నవాడిని కూడా హాజరుపట్టీ కంప్యూటర్ నేర్చినవాడిగానే లెక్క వేస్తుంది. నెల మొదట్లోను, చివరను అందరిచేత ఒకే చిన్న ఉత్తరాన్ని తెలుగులో కొట్టించి, రెండింటినీ పోల్చాలి. ఆ తరువాత ఆరు నెలలకు, లాప్‌టాప్‌లు మూలపడ్డా పడకపోయినా, అదే ఉత్తరాన్ని మరొకసారి కొట్టించాలి.