ఒక్క జారుతో వంటిల్లు గడుస్తుందా?

“కెమెరాల సంగతి మీకెందుకండీ, హాయిగా నవలలు రాసుకోక!” అనేవాళ్ళకి ముందే ఓ మాట చెప్పేస్తాను. నేను చదివింది బి.ఏ. ఫిజిక్సు పుస్తకాన్ని పదో తరగతితోనే అటకెక్కించేశాను. అయినా సరే, ఈ వారం కెమెరా లెన్సుల మీద దెబ్బలాడదల్చుకున్నాను. నా తెలివితక్కువతనానికి నేను కట్టిన జరిమానా డబ్బుతో పోలేదు మరి.

2018లో ఓ సీరియల్ తాలూకు పారితోషికం చేతికొచ్చింది. “గొలుసు చేయించుకో అమ్మాయీ” అన్నారు మా అత్తగారు. “ఫ్రిజ్ మార్చాలి” అన్నారు మావారు. నేను ఎవరి మాటా వినకుండా నికాన్ డి5600 కెమెరా కొనడానికి వెళ్ళాను. పెట్టెలోనే 18-55 అని చిన్న లెన్సు ఒకటి వచ్చింది. కొట్టులో అబ్బాయి దాన్ని బొమ్మను చూసినట్టు చూసి పక్కకు నెట్టేశాడు. బీరువాలోంచి లావుపాటి లెన్సొకటి తీశాడు. 18-300 అట!

“మేడమ్, లేడీస్‌కి లెన్సులు మార్చడం అవీ కష్టం. ఇదొక్కటి తగిలించారంటే జన్మలో తియ్యక్కర్లేదు. పెళ్ళిళ్ళు, గుళ్ళు, పిట్టలు... అన్నీ ఇందులోనే!” అన్నాడు.

వెంట వచ్చిన మా ఆడపడుచు కొడుకు కూడా “అవునత్తా, ఆల్‌రౌండరంటే ఇదే” అన్నాడు. ఇద్దరు మగవాళ్ళు ఏకగ్రీవంగా చెప్పాక కాదంటానా? చవకలో అన్నీ వస్తున్నాయంటే మన మనసు ఇట్టే కరిగిపోతుంది కదా. కొనేశాను.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమికి మా పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. సాయంత్రం తులసికోట దగ్గర దీపాలు పెడుతోంది. ప్రమిదల వెలుగు ముఖం మీద పడుతుంటే, నలభై ఏళ్ళుగా చూస్తున్న ముఖమే కొత్తగా కనిపించింది. పరుగెత్తి కెమెరా తెచ్చాను. ఆ అరకిలో లెన్సు చీకట్లో ముందుకీ వెనక్కీ తడుముకుంది. చివరికి ‘టక్’మంది. చూస్తే దీపాలు గీతలుగా సాగిపోయాయి. పెద్దమ్మ ముఖం ఉండాల్సిన చోట పొగలాంటిదేదో ఉంది. “పోన్లేవే, సంక్రాంతికి తీద్దువుగాని” అంది.

సంక్రాంతికి పెద్దమ్మ లేదు. దండ వెయ్యడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. ఎనిమిది పెళ్ళిళ్ళకి వంటలు పురమాయించిన మనిషి ఒక్క గ్రూపు ఫోటోలోనూ పూర్తిగా లేదు. ఒక దాంట్లో భుజం, ఒక దాంట్లో కొంగు! ఆఖరికి ఆధార్ కార్డులోని ఫోటోని పెద్దది చేయించి గోడకి తగిలించారు. ఆ ఫోటోలో ఎవరైనా ఎలా ఉంటారో మీకు నేను చెప్పాలా?

అప్పుడు కూర్చుని చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. లెన్సు మీద రెండు అంకెలుంటాయి. మి.మీ.లో ఉండేది ఎంత మేర కనిపిస్తుందో చెబుతుంది. 18 అంటే గదంతా పడుతుంది, 300 అంటే దూరాన ఉన్న గాలిగోపురం మీది బొమ్మ దగ్గరకొస్తుంది. అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పేది ఈ అంకె గురించే. రెండోది ‘ఎఫ్’ పక్కనుండే అంకె. లోపలి కిటికీ ఎంతవరకు తెరుచుకుంటుందో అది చెబుతుంది. ఇక్కడ లెక్క తలకిందులు. అంకె తగ్గినకొద్దీ కిటికీ పెద్దది. మన ఇళ్ళకి కావలసిన అంకె ఇదీ! దీని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

నా చిన్న లెన్సునే 55 దాకా తిప్పితే కిటికీ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 ఉన్న లెన్సయితే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. అంటే సెకనులో పదో వంతు పట్టే ఫోటో వందో వంతులో అయిపోతుంది. పదో వంతులో మనిషి తల తిప్పేస్తుంది. వందో వంతులో అంతగా కదల్లేదు. నా పెద్దమ్మ పొగైపోయిందీ, పోకుండా ఉండాల్సిందీ ఈ తేడాలోనే.

“అందులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉందిగా?” అంటాడు మావాడు. ఉంది నాయనా. అది నా చేతి వణుకు తగ్గిస్తుంది. ప్రమిదలో వత్తి సర్దుతున్న పెద్దమ్మ చేతిని ఆపుతుందా? “ఫ్లాష్ వేసుకోవచ్చుగా?” అంటారు ఇంకొకరు. దీపం వెలుగులో ఉన్న ముఖం మీద ఫ్లాష్ కొడితే ఆ దీపం ఎందుకు, ఆ వెలుగెందుకు? “ఫోను చాలదా?” అంటారా? చాలితే సంతోషం, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి. నా పోరు కెమెరా కొన్నాక మోసపోయేవాళ్ళ తరఫున.

అసలు నాకు ఒళ్ళు మండేది ఆ “లేడీస్‌కి మార్చడం కష్టం” అన్న మాటకి! గ్యాసు సిలిండరు రెగ్యులేటరు ఎవరు మారుస్తున్నారండీ ఇళ్ళల్లో? కుక్కరు గాస్కెట్టు ఎవరు వేస్తున్నారు? మిక్సీకి మూడు జార్లిచ్చి, పచ్చడికి ఒకటి, పొడికి ఒకటి, పిండికి ఒకటి అని తిప్పి బిగించమంటే ఏ కంపెనీవాడూ “ఆడవాళ్ళకి కష్టం” అనలేదేం? లెన్సు మార్చడమూ అంతే. ఒక మీట నొక్కి తిప్పడం, ఇంకోటి పెట్టి ‘క్లిక్’మనేదాకా తిప్పడం. దుమ్ములో మార్చకూడదు, అంతవరకే జాగ్రత్త.

అన్ని పనులూ చేసే కోడలు కావాలి, కట్నమూ తేవాలి, ఖర్చు మాత్రం కాకూడదు అనే సంబంధాల పేరయ్యని చూసి నవ్వుకుంటాం. ‘ఆల్‌రౌండ్’ లెన్సు అడిగే మనమూ ఆ పేరయ్యలమే. అవ్వా కావాలి, బువ్వా కావాలి!

న్యాయంగా చెప్పాలంటే పెద్ద లెన్సుకీ దాని చోటు దానికుంది. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని తియ్యాలనుకునేవాళ్ళకి, పట్టపగలు యాత్రలు తిరిగేవాళ్ళకి అది పనికొస్తుంది. ఒకే లెన్సుతో గడపాలి, మార్చే ఓపిక నిజంగానే లేదంటే 18-140 లాంటిది నయం. మన ఇళ్ళల్లో ఫోటోలు దొరికే చోట్లు మాత్రం వంటిల్లు, దేవుడి గది, వరండా, మంచం పట్టిన పెద్దవాళ్ళ గది. ట్యూబులైటు చోట్లు.

అందుకని నా సలహా ఇది. పెట్టెలో వచ్చిన 18-55ని చిన్నచూపు చూడకండి. పగటికి అది చాలు. మిగిలిన డబ్బుతో ఎఫ్ 1.8 చిన్న లెన్సు ఒకటి కొనండి. నికాన్‌లో 35 మి.మీ. డీఎక్స్ అని 2009 నుంచీ ఉంది. 200 గ్రాములే. కెనాన్‌లో 50 మి.మీ. ఎస్టీఎం 2015లో వచ్చింది. అయితే మామూలు కెమెరాల మీద 50 కాస్త దగ్గరగా చూస్తుంది, చిన్న గదిలో వీపు గోడకానుతుంది. నా నికాన్ లాంటి వాటిలో ఫోకసు తిప్పే మోటారు కెమెరాలో ఉండదు. కాబట్టి లెన్సు మీద ‘ఏఎఫ్-ఎస్’ అని ఉందో లేదో చూసి మరీ కొనండి. ఇప్పుడు కంపెనీలు అద్దం లేని కొత్తరకం కెమెరాల వైపు మళ్ళాయి. పాత లెన్సులు సెకండ్‌హాండులో దొరుకుతున్నాయి. వెలుతురుకి ఎత్తిపట్టి లోపల బూజు దారాల్లాంటివి లేవని చూసుకోండి. తెచ్చాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి.

పెద్ద లెన్సుని నష్టానికి అమ్మేసి నేనూ 35 కొన్నాను. మా అమ్మ వంటింటి కిటికీ పక్కన కూర్చుని చేటలో కందిపప్పు చెరుగుతుంటే తీశాను. రాళ్ళు ఏరే వేళ్ళ మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. “ఈ చీరలోనా, బాగా తయారయ్యేదాన్నిగా” అని కసిరింది. కసరనీ, వినడానికి బాగుంది.

ఇక మీరు కొట్టుకి వెళ్ళినప్పుడు ఆ అబ్బాయి 300 గురించి చెప్పేదంతా ఓపిగ్గా వినండి. విన్నాక కెమెరా చేతికి తీసుకుని, దీపాలన్నీ వెలిగే అద్దాల షోకేసు కాదు, వెనకాల అట్టపెట్టెలు పేర్చిన చీకటి మూలలో ఎవరినైనా నిలబెట్టి ఒక్క ఫోటో తియ్యండి. ఆ ముఖం చూశాకే పర్సు తెరవండి.