ఉక్కు ఫ్యాక్టరీ కావాలె సరే, పట్టకారు మాత్రం మన చేతికే ఎందుకు?



పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతోటి చదవండ్రి. మేం మహబూబాబాద్‌ల ఎస్టీ హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా రూముల ఏడుగురం. ముగ్గురిది బయ్యారం, గార్ల దిక్కు. ఇద్దరిది జనగామ జిల్లా దేవరుప్పుల దిక్కు తండాలు. ఇద్దరిది భూపాలపల్లి. ఏడు ఇండ్లల్ల ఒక్క ఇంట్ల కూడా మాకంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కినోళ్లు లేరు. తప్పు రాస్తే తిట్టకుండ దిద్దండ్రి.

మొన్న ఒక్క వారంలనే రెండు ముచ్చట్లు మా రూముకు వచ్చినయి. మొదటిది, బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ కోసం ధర్నాకు రావాలని సీనియర్ అన్నలు పెట్టిన మెసేజ్. రెండోది, హాస్టల్ గేటు కాడికి వచ్చిన ఒకాయన. హైదరాబాద్ శివార్ల రోలింగ్ మిల్లుల సెలవులకు పని ఉన్నదని, తిండి, రూము వాళ్లే ఇస్తరని, పదిమంది పోరగాళ్లు కావాలని అడిగిండు. మాల ఇద్దరు పేర్లు ఇచ్చిండ్రు. ఫీజు బాకీ ఉన్నది మరి, వాళ్లను ఏమనలేం. ఈ రెండు ముచ్చట్లు వేర్వేరు కాదని మాకు అనిపించింది. అందుకే రాస్తున్నం.

మాల ఒకరి తండాల ఒక అన్న ఉన్నడు. ఇంటర్ ఆపేసి ఇసొంటి రీరోలింగ్ మిల్లుకే పోయిండు. ఆ మిల్లు పేరు ఇక్కడ రాయం. మూడు నెలలు చేసిండు. ఇప్పుడు ఎడమకాలు పిక్క మీద జానెడు పొడుగు మచ్చ, చర్మం ముడతలు పడి మెరుస్తుంటది. తీజ్ పండుగకు పోయినప్పుడు మంచం మీద కూసోని ఆయన చెప్పిన ముచ్చట మేం మర్చిపోలేదు.

ఆయన పని ఏందంటే, రోలింగ్ స్టాండులకెల్లి ఎర్రగ కాలిన ఊచ బయటికి వస్తుంటే, దాని మూతిని పట్టకారుతోటి పట్టుకొని, ఒంపు తిప్పి, పక్క స్టాండుల పెట్టాలె. ఒకటి పెట్టేలోపు ఇంకోటి వస్తది. ఆ రోజు ఊచ మూతి రెండు పెదవుల లెక్క చీలి వచ్చిందట. లోపలికి పోలేదు, గైడుకు తగిలి ఆగింది. మూతి ఆగింది గాని వెనుకకెల్లి వచ్చేది ఆగలేదు. పాము పడగ ఎత్తినట్టు పైకి లేచి, చుట్టలు చుట్టుకుంట మనుషుల మీదికి వచ్చింది. ఆయన పక్కకు దునికిండు, కాలుకు తాకింది. ఆయన వెనుక ఉన్న ఒడిశా అబ్బాయికి ఇంకా ఎక్కువ కాలిందట, ఆ పిల్లగాడు ఏమైండో అన్నకు తెల్వదు. మరునాడే ఊరికి పంపిండ్రట.

"కాలినప్పుడు నొప్పి తెల్వలేదురా, వాసన తెలిసింది" అన్నడు అన్న. తర్వాత చాలాసేపు మేం ఎవ్వరం మాట్లాడలేదు.

మిల్లుల దీన్ని కాబుల్ అంటరు. మిస్‌రోల్ అని కూడా అంటరు. దీని వెనుక లెక్క తెలుసుకుంటే ఇది "అనుకోకుండ జరిగిన ప్రమాదం" కాదని అర్థమైతది. మా రూముల ఫిజిక్స్ చదివే తమ్ముడు లెక్క కట్టి చూపించిండు. నూరు మిల్లీమీటర్ల పలక ఉన్న బిల్లెట్, అంటే చతురపు ఇనుప దుంగ అనుకోండ్రి, 12 మిల్లీమీటర్ల ఊచ కావాలె. దాని అడ్డకోత 10,000 చదరపు మిల్లీమీటర్ల నుంచి సుమారు 113కు తగ్గుతది. ఇనుము ఎటూ పోదు గదా, సన్నగైనంత పొడుగైతది. దాదాపు 88 రెట్లు. మూడు మీటర్ల దుంగ 265 మీటర్ల ఊచ అయితది. అంటే మొదటి స్టాండుల దుంగ మెల్లగ నడుస్తుంటే, ఆఖరి స్టాండుల ఊచ దానికి 88 రెట్ల వేగంతోటి ఉరకాలె. సెకనుకు పది మీటర్ల వేగంతోటి పోయే ఊచ ఒక్క సెకను ఆగిందంటే, పది మీటర్ల నిప్పు ఊచ ఎటు పోవాలె? ఖాళీ ఎక్కడుంటే అటు పోతది. ఆ ఖాళీల మన తమ్ముడు నిలబడి ఉంటడు. పెద్ద ప్లాంటుల సన్నటి వైర్ రాడ్ చేసే కొత్త మిల్లులల్ల ఆఖరి వేగం సెకనుకు నూరు మీటర్లు ఉంటదట. గంటకు 360 కిలోమీటర్లు! మన మానుకోట స్టేషన్ల ఆగకుండ పోయే ఏ రైలుకూ అంత వేగం లేదు.

ఊరికెనే మూతి ఎందుకు ఆగుతది? కారణాలు చాలా ఉన్నయి గాని అన్నీ మనిషి ముందుగనే చూసుకోగలిగినవే. దుంగను కొలిమిల 1100, 1200 డిగ్రీల దాక కాల్చాలె, లోపలి గుండె దాక వేడి సమానంగ పట్టాలె. తొందరపడి తీస్తే పైన ఎరుపు, లోపల గట్టి. అది రోలు నడుమ సమంగ సాగదు. తుక్కు కరగబోసి చేసిన నాసిరకం దుంగలల్ల చీలిక, మలినం ముందే ఉంటయి, మూతి అక్కడ్నే పగులుతది. రోలు మీద గాడి అరిగిపోయినా మార్చకుంటే, గైడు బోల్టు వదులైతే, ఒక మోటరు కొద్దిగ మెల్లగైతే కూడా అంతే. అన్న చెప్పిన మిల్లుల ఒక షిఫ్టుల రెండు మూడుసార్లు కాబుల్ వచ్చేదట, అయినా గైడు మార్చలేదు. మార్చాలంటే మిల్లు ఆపాలె, ఆపితే టన్నులు తగ్గుతయి.

ఇంకోటి, కాబుల్ పడ్డంక కూడా ప్రమాదం అయిపోదు. చిక్కుపడ్డ ఊచను గ్యాస్ కట్టర్‌తోటి కోసి, కొక్కాలతోటి గుంజి తీయాలె. మనుషులు స్టాండుల నడుమ ఉన్నప్పుడే ఎవరో తెల్వక స్విచ్ ఆన్ చేస్తే అంతే సంగతులు. అందుకే కరెంటు ఆపి, తాళం వేసి, తాళంచెవి లోపలికి పోయినోని జేబులనే ఉండాలె అనేది లోకమంతటా ఉన్న నియమం. అన్నను అడిగితే "తాళమా?" అని నవ్విండు.

ఇప్పుడు పెద్ద మిల్లు చూడండ్రి. విశాఖ ఉక్కుల కూడా రోలింగ్ మిల్లులు ఉన్నయి, వైర్ రాడ్ మిల్లు ఉన్నది. ఇసొంటి పెద్ద మిల్లుల కాబుల్ పడదని కాదు, పడ్తది. కాని మూతిని పట్టేది మనిషి కాదు, గైడు, మరతోటి నడిచే ఒంపు. ఊచ దారి మీద మూతలు ఉంటయి. మూతి ఆగిందని సెన్సర్ కనిపెట్టంగనే వెనుక ఉన్న కత్తెర వచ్చే ఊచను ముక్కలు ముక్కలుగ నరుకుతది. నడిపేటోళ్లు అద్దాల గదుల కూసుంటరు. అంటే మన అన్న కాలు కాలకుండ ఆపే మరలు ఎప్పుడో వచ్చినయి. అవి కొనకుండ, మన తండాల నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి పోరగాళ్లను తెచ్చుకుంటే అగ్గువ. మర పాడైతే మళ్లీ కొనాలె, మనిషి పాడైతే బస్సు ఎక్కిస్తే సరిపాయె.

పెద్ద ప్లాంటు అయితే చాలు, అన్నీ మంచిగ ఉంటయని కూడా మేం అంటలేం. 2012 జూన్ 13న విశాఖ ఉక్కుల, ఉక్కు కరిగించే రెండో విభాగంల ఆక్సిజన్ యూనిట్ కాడ పేలుడు జరిగి 19 మంది చనిపోయిండ్రు. ప్రభుత్వ సంస్థల, చదువుకున్న ఇంజినీర్లు ఉన్న కాడనే ఇట్ల జరిగింది. ఆ ప్లాంటుకు వచ్చే ఇనుప రాయి బైలాడిలా నుంచి, అంటే దంతెవాడ గుట్టల నుంచి, మన గోండు చుట్టాల గుట్టల నుంచి పోతది. రాయి పోతది. ఆ గుట్టల కింది పిల్లలు ఆ అద్దాల గదులల్ల ఎందరు కూసున్నరో మరి.

ఇగ బయ్యారం ముచ్చట. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌ల, ఖమ్మం జిల్లాల సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టొచ్చా లేదా అని ఆరు నెలలల్ల సెయిల్ పరిశీలించాలని రాసిండ్రు. అప్పుడు బయ్యారం ఖమ్మం జిల్లాలనే ఉండె. 2016 అక్టోబర్‌ల కొత్త జిల్లాలు అయినంక మన మహబూబాబాద్‌కు వచ్చింది. జిల్లా మారింది గాని ఫ్యాక్టరీ రాలేదు. మేం చట్టం వచ్చినప్పుడు ఆశ్రమ పాఠశాలల పలకలు పట్టుకున్నోళ్లం, ఇప్పుడు డిగ్రీ. రాయిల ఇనుము శాతం తక్కువ, గిట్టుబాటు కాదు అని కేంద్రం చెప్పుకుంట వచ్చింది. అది ఇచ్చిన మాట, ఇయ్యాలనే మేం కూడా అంటున్నం. 1966ల విశాఖ ఉక్కు కోసం జనం కొట్లాడితే, ప్రాణాలు పోతేనే అది వచ్చింది. అడగకుండ ఎవ్వలూ ఇయ్యరు. ధర్నాకు ఏడుగురం వస్తం.

కాని అన్నలారా, ఒక భయం ఉన్నది. దాచుకోకుండ చెప్తం. రోలింగ్ మిల్లుకు గని అక్కరలేదు. దుంగలు ఎక్కడ్నుంచైనా లారీల తెచ్చుకోవచ్చు. రేపు "రాయి మంచిది కాదు, సమగ్ర ప్లాంటు కుదరదు, దాని బదులు చిన్న చిన్న రోలింగ్ మిల్లులు పెడ్తం, మీకు ఉద్యోగాలు" అంటే మనం చప్పట్లు కొడ్తమా? అది ఉక్కు పరిశ్రమల తక్కువ జీతం, కాలిన గాయాలు ఉన్న తునక. ఒక సీనియర్ అన్న మాతోటి "ముందు రానియ్యండ్రిరా, వచ్చినంక సేఫ్టీ గీఫ్టీ మాట్లాడుదాం" అన్నడు. అన్న మీద గౌరవం ఉన్నది గాని ఈ మాట మేం ఒప్పుకోం. భూపాలపల్లి తమ్ముళ్లను అడగండ్రి. సింగరేణి గనులు వాళ్ల ఊర్ల పక్కనే ఉన్నయి. పర్మినెంట్ ఎవరు, కాంట్రాక్ట్ ఎవరు, ఎవరి ఇంటిపేర్లు ఏ లిస్టుల ఉన్నయో వాళ్లు నిలబడ్డ కాడనే చెప్తరు. వచ్చినంక అడిగితే మనకు గేటు బయట జాగా ఇస్తరు.

మనకు అడిగే బలం లేదని అనుకోవద్దు. 1997ల సమత తీర్పు ఉన్నది. షెడ్యూల్డ్ ఏరియాల గనులు గిరిజనేతర ప్రైవేటోళ్లకు లీజుకు ఇచ్చేందుకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 1970 నాటి ఒకటి బై డెబ్బై భూమి చట్టం ఉన్నది. భూమి, రాయి కాడ మన మాట లేకుండ అడుగు పడొద్దు. ఆ బలాన్ని "ఉద్యోగాలు ఇయ్యండ్రి" అనే ఒక్క మాటకు అమ్ముకోవద్దు, ఏ ఉద్యోగం అని కూడా అడగాలె. వరంగల్ ఎన్ఐటీల మెటలర్జీ విభాగం ఉన్నది, మన మూడు జిల్లాలకు బస్సు దూరం. మన పిల్లలకు ఆ పేరే తెల్వదు. ఇంటర్ల లెక్కల సారు లేక ఎంపీసీ వదిలి సీఈసీ తీసుకున్నోళ్లం మేమే నలుగురం ఉన్నం. ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న డిమాండు పక్కనే బయ్యారం కాలేజీకి లెక్కల సారు, ఐటీఐల రోలింగ్, ఎలక్ట్రికల్ పనుల శిక్షణ, పాలిటెక్నిక్‌ల మెటలర్జీ సీట్లు కావాలని రాయాలె. ఫ్యాక్టరీ పది ఏండ్లకు వస్తదో రాదో, లెక్కల సారు జూన్‌ల రావొచ్చు కదా.

మెమోరాండం రాసే అన్నలు ఇవి కూడా కలపండ్రని మా కోరిక. కాయితం మేమే రాసి తెస్తం, మాల ఒకరి చేతిరాత ముత్యాల లెక్క ఉంటది.

గేటు కాడికి వచ్చినాయన ఆదివారం మళ్లొస్తనన్నడు. మేం పోవద్దని ఎవ్వరినీ ఆపలేం, ఫీజు మేం కట్టలేం గనుక. కాని అడిగేటివి నోట్‌బుక్‌ల రాసి పెట్టుకున్నం. ఈఎస్ఐ కార్డు మొదటి రోజే ఇస్తరా? ఊచను పట్టకారుతోటి పట్టాల్నా, మర పడ్తదా? ఊచ దారికి, మనిషికి నడుమ కంచె ఉన్నదా? కాబుల్ తీసేటప్పుడు కరెంటు తాళం ఎవరి జేబుల ఉంటది? బూట్లు, తోలు ఏప్రాన్ మిల్లు ఇస్తదా, జీతంల కోస్తరా? పేర్లు ఇచ్చిన ఇద్దరు కూడా ముందల నిలబడి అడుగుతమన్నరు. తండా అన్నకు ఫోన్ చేస్తే ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్తనన్నడు. ప్యాంటు మోకాలు దాక మలిచి ఆ గేటు కాడనే కూసుంటడట.