ఒక మనిషి – మూడు కుర్చీలు

పరీక్ష హాలులో ఒక్క విద్యార్థి మూడు సీట్లలో పుస్తకాలు పెట్టి "ఏది నచ్చితే దాంట్లో కూర్చుంటా" నంటే ఇన్విజిలేటరు ఊరుకుంటాడా? ఎన్నికల చట్టం మాత్రం ఊరుకుంటున్నది!

మన జనగామ ప్రాంతపు చినపెండ్యాల బిడ్డ పెండ్యాల రాఘవరావు గారు సాయుధ పోరాట యోధులు. 1952 ఎన్నికలలో పి.డి.ఎఫ్. అభ్యర్థిగా వరంగల్ లోక్‌సభ స్థానానికీ, హన్మకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాలకూ నిలబడి మూడింటా గెలిచారు. వరంగల్‌లో ఆయన చేతిలో ఓడినవారు సాక్షాత్తు కాళోజీ! ప్రజాభిమానానికి ఇంతకన్న నిదర్శనమేం కావాలి? కాని మనిషి ఒక్కడే గదా! ఆయన లోక్‌సభకు వెళ్ళారు. ఆ రెండు శాసనసభ స్థానాలకు ఉపఎన్నికలు తప్పలేదు. ఇందులో తప్పు ఆయనది కాదు, చట్టానిది.

1985లో ఎన్.టి. రామారావు గారు హిందూపురం, గుడివాడ, నల్లగొండ మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1996లో చట్టాన్ని సవరించి, ఒక సభకు రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదన్నారు. సంతోషమే. అయితే మిత్రులారా, ఒక చిత్రం గమనించండి: లోక్‌సభకు రెండు, శాసనసభకు రెండు వేరువేరు లెక్కలు. అంటే రాఘవరావు గారి మూడు స్థానాల పోటీ ఈనాటికీ చట్టబద్ధమే! 2014లో మెదక్, 2024లో వయనాడ్ ఉపఎన్నికలు ఇట్లా వచ్చినవే.

ఉపఎన్నికలన్నీ దండుగని నేననను. 2008లో, 2012లో స్టేషన్ ఘన్‌పూర్ ఓటర్లు మళ్ళీ క్యూ కట్టారు. అప్పుడు వాళ్ళ ముందొక ప్రశ్న ఉన్నది: తెలంగాణ. ప్రశ్న ఉన్నచోట జనం జవాబు చెబుతారు. నాయకుడికి కుర్చీ ఎక్కువైందని వచ్చే ఎన్నికలో ఏ ప్రశ్న ఉన్నది? మహబూబాబాద్ మిర్చి కూలీ, భూపాలపల్లి బొగ్గు కార్మికుడు పని మానుకొని మరోసారి లైనులో ఎందుకు నిలబడాలె?

ఖాళీ చేసినవారే ఖర్చు భరించాలని, శాసనసభకు 5 లక్షలు, లోక్‌సభకు 10 లక్షలు కట్టాలని 2004లో ఎన్నికల కమిషన్ సూచించింది. ఒక్క స్థానమే చాలని 2015లో లా కమిషన్ కూడా చెప్పింది. పట్టించుకున్నవారు లేరు. పైసలు కడితే సరిపోయేట్టయితే అది ఉన్నవాళ్ళకే సౌకర్యం. కనుక నా ఓటు రెండో సూచనకే.

ఓటరుకు ఒక్కటే ఓటు. అభ్యర్థికీ ఒక్కటే సీటు. ఓట్లడగడానికి మన వాకిట్లోకి వచ్చినవారిని ముందుగా ఈ మాటే అడుగుదాం: "అన్నా, గెలిస్తే మాతోనే ఉంటవా?"