నైట్ డ్యూటీ చేసేవారి పగటి నిద్రను కాపాడండి

శంషాబాద్‌లో విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల నైట్ డ్యూటీ మామూలు మాటైపోయింది. అమెరికా వెళ్లే పిల్లల్ని అర్ధరాత్రి సాగనంపి మనం ఇంటికొచ్చి పడుకుంటాం. లగేజీ ఎక్కించేవారు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లు తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. వారిలో మీ ఇంటివారూ ఉండొచ్చు.

'ఒళ్లు వచ్చేసింది, నీరసం, థైరాయిడ్ ఏమో డాక్టర్!' అంటూ ఇలాంటివారు తరచూ వస్తుంటారు. కొందరి చేతిలో వేలు పోసి చేయించుకున్న రిపోర్టులుంటాయి. ముందు అడగాల్సింది వేరే: ఎప్పుడు తింటున్నారు, ఎన్ని గంటలు పడుకుంటున్నారు?

మన గ్రంథులు వేళ ప్రకారం పనిచేస్తాయి. చీకటి పడితే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది. తెల్లవారుజామున కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ పెరిగి ఒంటిని పనికి సిద్ధం చేస్తుంది. క్లోమం ఇచ్చే ఇన్సులిన్ రాత్రివేళ పగటంత చురుగ్గా పనిచేయదు. అందుకే రాత్రి 2 గంటలకు తిన్న బిర్యానీ, అదే మధ్యాహ్నం తిన్నదానికంటే షుగర్‌ను ఎక్కువ పెంచుతుంది. ఈ జీవ గడియారం గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకే 2017లో వైద్య నోబెల్ దక్కింది.

థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కూడా రాత్రి పెరిగి పగలు తగ్గుతుంది. ఉదయం 8 గంటల కార్టిసాల్ లెక్కలు రాత్రి పడుకున్నవారివి. కాబట్టి రిపోర్టు చూపించేటప్పుడు మీ షిఫ్టు వేళలు డాక్టరుకు తప్పక చెప్పండి. వాడుతున్న థైరాయిడ్, షుగర్ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. అతి దాహం, నెలసరి తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పరీక్షలు వాయిదా వేయొద్దు.

మాత్రలతోనే తీరే సమస్య కాదిది. రెండు రోజులకోసారి షిఫ్టు మార్చే యాజమాన్యాలు మారాలి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో షిఫ్టులు వేయాలి. రోస్టర్ ముందుగా చెప్పాలి. రాత్రి క్యాంటీన్‌లో తేలికపాటి తిండి దొరకాలి.

ఇంట్లోనూ మారాల్సింది ఉంది. మగవాడు నైట్ డ్యూటీ చేసి వస్తే పిల్లల్ని అల్లరి చేయొద్దంటాం. అదే డ్యూటీ చేసి ఆడమనిషి వస్తే టిఫిన్, పిల్లల క్యారేజీ, ఉతకాల్సిన బట్టలు ఎదురుచూస్తుంటాయి. ఆమె హార్మోన్లకు వేరే గడియారం లేదు. గదికి మందపాటి కర్టెన్ వేయండి, ఫోన్ బయట పెట్టండి, వంటపని పంచుకోండి. ఏడు గంటలు ఆమెను పడుకోనివ్వండి.