చదువు చెప్పి పని ఇవ్వరా?

శ్రీలంక తమిళ శరణార్థుల గురించి మన దేశంలో చర్చ ఎప్పుడు మొదలైనా పౌరసత్వం దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో వీరిని ఎందుకు చేర్చలేదని ఒకరు, వీరు ఎప్పటికైనా తిరిగి వెళ్లాల్సినవారేనని మరొకరు వాదించుకుంటూనే ఉన్నారు. ఈలోగా శ్రీలంకలో 1983 నాటి అల్లర్ల తర్వాత పడవలెక్కి వచ్చినవారి మనవలు డిగ్రీలు పూర్తిచేశారు. ఆ పిల్లలకు ఇవాళ కావలసింది ఉద్యోగంలో చేరే వీలు. అందుకు పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 2014లో కేంద్రం ఆమోదించిన టిబెటన్ పునరావాస విధానం ఉండనే ఉంది. నర్సింగ్, బోధన, వైద్యం, ఇంజినీరింగ్, చార్టర్డ్ అకౌంటెన్సీ వంటి వృత్తుల్లో అర్హత సంపాదించిన టిబెటన్ శరణార్థులను ఆయా ఉద్యోగాలు చేసుకోనివ్వాలని, వ్యాపారాలకు లైసెన్సులు ఇవ్వాలని ఆ విధానం రాష్ట్రాలకు చెప్పింది. పదేళ్లు దాటినా మన చర్చల్లో దాని ఊసే రాదు.

తడ దాటి చెన్నై దారి పట్టగానే వచ్చే గుమ్మిడిపూండి మొదలుకొని రామేశ్వరం దగ్గరి మండపం దాకా, తమిళనాడులో వందకు పైగా శిబిరాలున్నాయి. వాటిలో సుమారు 58 వేల మంది బతుకుతున్నారు. వీరి పిల్లల చదువుకు రాష్ట్ర ప్రభుత్వం చేయూతనిచ్చింది, మెచ్చుకోవాలి. 2021లో ఈ శిబిరాల పేరును పునరావాస శిబిరాలుగా మార్చింది కూడా. కానీ ఇంజినీరింగ్ పాసైన కుర్రాడు ప్రాంగణ నియామకాల్లో రాతపరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గినా, చేరే రోజున నింపాల్సిన దరఖాస్తులో జాతీయత అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. పాస్‌పోర్టు లేదు, ఉన్నది శరణార్థి గుర్తింపు కార్డు. అది చూసిన కంపెనీ చట్టపరమైన చిక్కులెందుకని వెనక్కి తగ్గుతుంది. అతను పెయింటింగ్ పనికి పోతాడు. దూరపు ఊళ్లో పని దొరికినా బెంగే, శిబిరంలో తనిఖీ రోజున మనిషి కనపడకపోతే కుటుంబానికి అందే భృతికే ఎసరొస్తుంది. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇదంతా చూస్తూనే పెరుగుతారు. ఇష్టమైన చదువును పక్కనపెట్టి, కాగితాలు అడగని పని ఏదని వెతుక్కుంటారు. పిల్లల తెలివికి హద్దు గీసింది చదువు కాదు, ఆ గడి.

స్థానికులకే ఉద్యోగాల్లేవు కదా అన్న అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. కానీ వీరు ఇప్పటికే పనిచేస్తున్నారు. చేసేది కూలిపని, దొరికేది తక్కువ కూలి. హక్కు లేని మనిషి తక్కువకు ఒప్పుకుంటే పక్కనున్న స్థానిక కూలీ రేటు కూడా పడిపోతుంది. భద్రత మాటా వినిపిస్తుంది. ప్రతి మనిషి పేరూ రిజిస్టర్లో ఉండి, కదలికల మీద నిఘా ఉన్న సమాజం దేశంలో ఇంతకన్నా మరొకటి చూపించగలరా? టిబెటన్ల విధానం అన్ని రాష్ట్రాల్లో ఒకేలా అమలు కాలేదన్న విమర్శ నిజమే. అమలు చేయించాల్సిన బాధ్యతను అది గుర్తుచేస్తుందే తప్ప, ఆ విధానాన్ని ఇతరులకు ఇవ్వకపోవడానికి సాకు కాదు. టిబెటన్లకు పని ఇవ్వడానికి పౌరసత్వం షరతు కానప్పుడు, వీరికి ఎందుకైంది?

2015 జనవరి 9లోపు వచ్చి నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులను, పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్షించకుండా 2025 సెప్టెంబరులో కేంద్రం మినహాయించింది. అంటే వీరిని జైలుకు పంపబోమని చెప్పింది, ఉద్యోగం చేసుకోండని మాత్రం చెప్పలేదు. నేరస్థులు కారని ఒప్పుకున్నాక కూడా పని కాగితం ఇవ్వకపోవడం జాగ్రత్త అనిపించుకోదు, అది అన్యాయం. నలభై ఏళ్లు నీడనిచ్చాం కదా అని మన భుజం మనమే తట్టుకుంటున్నాం. ఆ నీడలోనే పుట్టిన పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చోగలిగి కూడా నిచ్చెనెక్కి గోడలకు సున్నం వేస్తున్నాడు. కేంద్ర హోంశాఖ 2014 నాటి ఆ విధానాన్ని బయటకు తీసి, టిబెటన్ శరణార్థులన్న చోట శ్రీలంక తమిళ శరణార్థులను కూడా చేర్చి, ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ఉత్తర్వులివ్వాలి.