పగటిపూట వీరుడు

సూపర్ హీరో సిరీస్‌ల గురించి సాహిత్య పత్రికలో సంపాదకీయమా అని కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. అయినా రాయక తప్పడం లేదు. మన ఇళ్లలో పిల్లలు ఇవాళ కథ అనేదాన్ని ముందుగా చూస్తున్నది అక్కడే. నవలకీ కథాసంపుటికీ పేజీలు కేటాయించే మనం, ఆ పిల్లలు చూసే కథ మంచిదో కాదో తేల్చే పనిని మాత్రం యూట్యూబ్ కుర్రాళ్లకి వదిలేశాం. వాళ్లు గ్రాఫిక్స్ అదిరాయా, ఇంటర్వెల్ పేలిందా అని చూసి అయిదుకి ఇన్ని చుక్కలని చెప్పేస్తున్నారు. కథ సంగతి అడిగేవాడు లేడు.

గోదావరి జిల్లాల వాళ్లకి కథని ఎపిసోడ్లుగా చూడటం కొత్త కాదు. కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాటకి పేరుపడ్డ ఊరు. రామాయణాన్ని ఘట్టాలుగా విడదీసి రాత్రుల తరబడి ఆడేవారు. తెల్లటి తెర, వెనక దీపం, రంగులద్దిన తోలుబొమ్మ. హనుమంతుడి భుజం ఒకచోట, మోచెయ్యి ఒకచోట కదులుతుంటే ఆ నీడ తెరంతా పరుచుకునేది. యుద్ధం ఊపందుకుందనగా జుట్టుపోలిగాడూ బంగారక్కా ఊడిపడి తగువు మొదలుపెట్టేవారు. ఆ సందులో ఊళ్లో పెద్దమనుషులకి కూడా ఓ చురక తగిలేది. అసలు కథ మళ్లీ అందుకుని, తెల్లారేసరికి మంగళం పాడి తెర దించేవారు. రేపటి ఆట మీద ఆశపెట్టి ఇవాళ్టి ఆటని అరకొరగా ముగిస్తే చూసినవాడు ఊరుకోడు.

ఆ ఆటల్లో హనుమంతుడి ఘట్టాలంటే జనానికి అంత మోజు ఎందుకని? బలవంతుడనా? బలవంతులు రావణుడి కొలువులో బోలెడంతమంది. హనుమంతుడి బలానికి హద్దులున్నాయి, కథ రుచంతా ఆ హద్దుల్లో ఉంది. చిన్ననాటి అల్లరికి ఋషులు శపించారు, తన బలం తనకి గుర్తుండదు. జాంబవంతుడు నోరు విప్పి చెబితే తప్ప నూరు యోజనాల సముద్రం దాటే ఊహే రాలేదు. దారిలో సురస నోరు తెరిస్తే ఆమెతో పోటీగా పెరిగి పెరిగి, చివరికి బొటనవేలంతవాడై లోపలికి వెళ్లి బయటపడ్డాడు. లంకలో బ్రహ్మాస్త్రానికి తలవంచి కట్టుబడ్డాడు. విప్పుకోలేక కాదు, రావణుణ్ణి చూడాలని.

ఇప్పుడు అదే గోదావరి సీమలోని పాలకొల్లు సంగతికి వద్దాం. సినిమావాళ్ల ఊరని పేరున్న ఆ పట్నం నుంచే కోడి రామకృష్ణ వచ్చారు. 1995లో ‘అమ్మోరు’, 2009లో ‘అరుంధతి’ తీసి, గ్రాఫిక్స్‌ని జానపద భయంతో ముడిపెట్టిన దర్శకుడు. ‘అరుంధతి’లో జేజమ్మ, తన ఎముకలే ఆయుధం కావాలని ప్రాణం ఇస్తుంది. శక్తికి అంత ఖరీదు కట్టిన కథ కాబట్టే అది నిలబడింది. అదే ఊరివాడు ప్రశాంత్ వర్మ. 2024 జనవరి 12న, సంక్రాంతికి విడుదలైన ఆయన ‘హను-మాన్’ని సినిమా అనడం కన్నా ఓ సిరీస్‌కి మొదటి ఎపిసోడ్ అనడమే సబబు. తీసినవాళ్లే దాన్ని ఒక ‘యూనివర్స్’కి ఆరంభం అన్నారు, కాబట్టి ఆ కొలతతోనే చూద్దాం.

అంజనాద్రి అనే ఊరు. హనుమంతు అనే చిల్లర దొంగ. ఊరి మీద పెత్తనం చేసే గజపతి. నీళ్లలో మునిగిన హనుమంతుకి రుధిరమణి దొరుకుతుంది, దానితో బలం వస్తుంది. అయితే ఆ బలం పొద్దున్నంతసేపే, సూర్యుడు దిగితే మళ్లీ మామూలు కుర్రాడే. మొదటి సగం అంతా సరదాగా సాగడానికి ఈ ఒక్క షరతే కారణం. చీకటి పడుతోందంటే ప్రేక్షకుడికి గుండె గుబగుబలాడుతుంది. హనుమంతు వేషం కట్టిన తేజ సజ్జ కండలు తిరిగినవాడు కాకపోవడం కూడా కలిసొచ్చింది. పెళ్లిచీరలో ఉన్న అక్క అంజమ్మ కొబ్బరికాయల గెల పట్టుకుని రౌడీల మీద విరుచుకుపడుతుంది. మణీ లేదు, మంత్రమూ లేదు. కోనసీమలో ఏ దొడ్లోనైనా దొరికే ఆయుధం. సినిమా మొత్తంలో మాకు ఎక్కువ నచ్చిన వీరత్వం అదే.

ప్రతినాయకుడు మైఖేల్‌ని రాసిన తీరు ఇంకా బాగుంది. సూపర్ హీరోల పిచ్చిలో పడ్డ పసివాడు, ఆ హీరోలకి తల్లిదండ్రులు ఉండరని గమనించి, తన కన్నవాళ్లనే చంపేస్తాడు. పెద్దయ్యాక యంత్రాల తొడుగు వేసుకుని హీరో వేషం కడతాడు. చదివిన కథల్లోంచి వాడికి దొరికింది వేషం ఒక్కటే. మన సమీక్షకుల్లోనూ ఇలాంటి మైఖేళ్లు తక్కువ లేరు.

చిక్కంతా రెండో సగంతో. కథ ముందుకు పోయేకొద్దీ షరతులు సడలిపోతాయి. చివరికి సాక్షాత్తూ ఆంజనేయుడే దిగివస్తే హాల్లో చప్పట్లు మోగాయి, నిజమే. కానీ ఆ క్షణంలో హనుమంతు చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదు. అంజనాద్రి జనం చేతులు జోడించి నిలబడ్డారు. రాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటన్న ప్రశ్న వేసి, జవాబుకి తర్వాతి భాగం చూడమన్నారు. బలానికి హద్దు లేకుండా పోయినప్పుడు కథ తన కాళ్ల మీద తాను నిలబడలేదు, వచ్చే భాగం మీద వాలిపోతుంది. 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఈ సినిమాకి బహుమతి వచ్చింది. ఉన్న కొద్దిపాటి బడ్జెట్‌తో ఆ పనితనం చూపినందుకు అది న్యాయమే. కథకి కూడా ఇవ్వొచ్చా అంటే, సగానికి ఇస్తాం.

ఎపిసోడ్ అంటే ఎలా ఉండాలో చూపడానికి అమెరికా దాకా వెళ్లక తప్పదు. 2021 జనవరి 15న మొదలైన మార్వెల్ వారి ‘వాండావిజన్’ తొలి ఎపిసోడ్‌లో ఫైటింగ్ లేదు, విలన్ ఎవరో తెలియనివ్వరు. 1950ల నాటి నలుపు తెలుపు టీవీ హాస్యనాటికలా ఉంటుంది. వాండా, విజన్‌ల కొత్త కాపురం, భోజనానికి వచ్చిన భర్త పైఅధికారి దంపతులు, వంటింట్లో గాల్లో తేలే గిన్నెలు, వెనక నవ్వులు. ఆ పైఅధికారి ‘మీరెక్కడి నుంచి వచ్చారు, ఇక్కడికెందుకు వచ్చారు’ అని గద్దిస్తాడు. జవాబు లేదు. ఆయన గొంతుకి ముద్ద అడ్డుపడుతుంది. ఆయన భార్య నవ్వుముఖంతోనే ‘ఆపండి, ఆపండి’ అని అదే మాట అంటూ ఉంటుంది. వెనక నవ్వులు ఆగిపోతాయి. అన్నీ చేయగల వాండా, విజన్ ఇద్దరూ కొన్ని క్షణాలు కొయ్యబారిపోతారు. తర్వాత వాండా సాయం చెయ్యమంటే విజన్ ఆయన గొంతులోకే చెయ్యి పోనిచ్చి ముద్ద తీసేస్తాడు, మళ్లీ నవ్వులు. అరగంటలో ఒక సాయంత్రం పూర్తయింది, ఒక భయం మిగిలింది. బంగారక్క నవ్వులాటకి అలవాటు పడ్డ మన తోలుబొమ్మల ప్రేక్షకుడికి ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది.

పాఠకులకి ఒక మనవి. మీ ఇంట్లో పిల్లలు చూస్తున్న సిరీస్‌లోంచి ఒక్క ఎపిసోడ్ తీసుకోండి. హైదరాబాద్‌లో తయారై 2008 నుంచి లడ్డూలు తింటూనే ఉన్న ఛోటా భీమ్ అయినా సరే, పరాయి దేశపు వీరుడైనా సరే. వాళ్ల పక్కన కూర్చుని మొత్తం చూడండి. వీరుడికి చేతకానిది ఏమిటో, గెలుపుకి ఖరీదు ఎవరు చెల్లించారో, ఆ ఒక్క భాగం తనంత తాను నిలబడిందో లేదో రాసి పంపండి. పిల్లలే రాస్తే మరీ మంచిది, వాళ్ల మాటల్లోనే అచ్చు వేస్తాం. చుక్కలు మాత్రం వేయకండి.