విరిగిన ముక్కను పారేయకండి

షికాగో దగ్గరున్న మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా మా ఆవిడ మొదటి నెల హుషారుగానే ఉంటుంది. రెండో నెల రాగానే క్యాలెండర్ ముందు నిలబడి తిరుగు ప్రయాణానికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెడుతుంది. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు బడికి వెళ్లాక అంత ఇంట్లో మేమిద్దరమే. పలకరిద్దామంటే వీధిలో మనిషి కనిపించడు. కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు.

కిందటిసారి వెళ్లినప్పుడు వాళ్ల బేస్‌మెంట్లో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన పొడవాటి పెట్టె ఒకటి కనిపించింది. పైన అద్దం, వెనకాల నిలువుగా ఇంకో బొమ్మల పెట్టె.

‘‘పిన్‌బాల్ మెషీన్ నాన్నా. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ చవగ్గా ఇచ్చేశారు. బాగుచేద్దామని తెచ్చాను, తీరిక దొరకడం లేదు’’ అన్నాడు మావాడు.

లెక్కల మాస్టారుగా రిటైరయినా, ఆదివారం వస్తే స్కూటర్ విప్పుకుని కూర్చునే అలవాటు నాది. ఆ మాట చెవిన పడగానే చేతులు దురదపెట్టాయి. పన్నెండేళ్ల మనవడు అసిస్టెంటుగా చేరాడు.

పిన్‌బాల్ అంటే మరేం లేదు. మన చిన్నప్పుడు మేకులు కొట్టిన చెక్క మీద స్ప్రింగు లాగి గోళీలు వదిలే బాగటెల్ బోర్డు గుర్తుందా? దానికి కరెంటు పెడితే పిన్‌బాల్! ఏటవాలు బల్ల మీదకి సుమారు 80 గ్రాముల ఉక్కు బంతిని వదులుతాం. అది దీపాలు వెలిగించుకుంటూ, గంటలు మోగించుకుంటూ కిందికి దొర్లుతుంది. గోతిలో పడకుండా, పెట్టెకి రెండు పక్కలా ఉన్న బటన్లు నొక్కి ఫ్లిప్పర్లనే రెక్కలతో మళ్లీ పైకి కొట్టాలి.

ఈ ఆటకి షికాగో పుట్టిల్లు లాంటిది. 1931లో గాట్లీబ్ కంపెనీ ‘బాఫుల్ బాల్’ అనే బల్లని తెచ్చింది ఇక్కడే. 1947లో అదే కంపెనీ ‘హంప్టీ డంప్టీ’కి ఫ్లిప్పర్లు పెట్టాక అదృష్టం ఆట కాస్తా నేర్పు ఆట అయింది. అయినా ఇది జూదమని 1942లో విధించిన నిషేధాన్ని న్యూయార్క్ నగరం 1976 దాకా ఎత్తెయ్యలేదు. రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ వాళ్ల ముందు ఆడి, బంతి ఏ దారిన వెళ్తుందో ముందే చెప్పి అలాగే పంపించి చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారట.

ఇక మా యంత్రం సంగతి. 1980ల తొలినాళ్లది. మోటార్లూ వైర్లూ మావాడు చూసుకుంటానన్నాడు. మా వంతు ప్లాస్టిక్కులు. బల్ల మీద చిన్న చిన్న స్తంభాలకి బిగించి, రంగురంగుల బొమ్మలతో పల్చటి ప్లాస్టిక్ రేకులుంటాయి. చూడ్డానికి అలంకారమే కానీ నిజానికవి కవచాలు. కింద ఉండే బల్బులనీ, బంతిని తన్నే మీటలనీ కాపాడతాయి. ఆ ఉక్కు బంతి ఎగిరెగిరి తగిలేదీ వాటికే. కింద బల్బుల వేడికి ఏళ్ల తరబడి ఎండి అవి అప్పడాల్లా పెళుసెక్కుతాయి, వంకర తిరుగుతాయి. ఎక్కువగా స్క్రూ రంధ్రం దగ్గరే పుటుక్కుమంటాయి.

పేరున్న యంత్రాలకయితే కొత్త రేకుల సెట్లు తయారుచేసి అమ్ముతున్నారు. 1992లో వచ్చిన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ లాంటివి ఇరవై వేలకు పైగా అమ్ముడయ్యాయి మరి, వాటికి గిరాకీ ఉంటుంది. మాది అంత పేరు మోసింది కాదు. వెతికితే ఎక్కడా దొరకలేదు. అంటే విరిగినా వంగినా, మా దగ్గరున్న ముక్కే మాకు కొలత, నమూనా అన్నీ.

విప్పేముందు ప్లగ్ తీసేశాం. స్కోరు చూపించే పాత డిస్‌ప్లేలకి 100 వోల్టులకు పైనే కరెంటు వెళ్తుంది, ఆటలు కాదు. బంతిని బయటికి తీశాం. మనవడు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. ఏ స్క్రూ ఎక్కడిదో కలిసిపోకుండా కోడలి ఇడ్లీ పళ్లాలు తెచ్చి, గుంటకో రకం వేశాం. ఆ వారం ఇంట్లో ఇడ్లీ లేదు.

విరిగిన రేకు రెండు ముక్కలయి, ఒక మూల కొంచెం పోయింది. ముక్కలు రెండూ ఆనించి, పక్కన స్కేలు పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేశాం. పోయిన మూలని కంప్యూటర్లో మనవడు పూరించాడు. ముందు అట్ట మీద కోసి, స్తంభాలకి రంధ్రాలు సరిపోతున్నాయో లేదో చూశాం. ఆ తర్వాతే ఒకటిన్నర మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ షీటు కోశాం. అక్రిలిక్ మెరుస్తుంది కానీ దెబ్బకి పగులుతుంది. పాలికార్బొనేట్ ఓర్చుకుంటుంది. బొమ్మని అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పారదర్శకంగా ఉండే ఫిల్మ్ మీద ప్రింటు తీసి, రంగు లేని వైపు ప్లాస్టిక్‌కి ఆనేలా అడుగున అంటించాం. రంధ్రం స్క్రూ కన్నా కాస్త పెద్దది పెట్టాం. బిగింపు అతి చేస్తే కొత్తదీ అక్కడే పగులుతుంది.

వంకర తిరిగిన వాటిని రెండు అద్దాల మధ్య పెట్టి, తక్కువ వేడి మీద మెత్తబరిచి, అద్దాలతో సహా నెమ్మదిగా చల్లారనివ్వాలి. వంట చేసుకునే ఓవెన్ ఇవ్వనని కోడలు ఖండితంగా చెప్పింది. అమ్మాయి మాటే కరెక్టు, ప్లాస్టిక్ వాసన తిండికి పట్టకూడదు. ‘‘బెజవాడ రోహిణీ కార్తె ఎండయితే ఓవెన్ అక్కర్లేదు’’ అంది మా ఆవిడ క్యాలెండర్ దగ్గర నుంచే. చివరికి గరాజ్‌లో మావాడి పాత చిన్న ఓవెన్ దొరికింది.

అంతా బాగానే ఉందనుకునేసరికి నేనొక ఘనకార్యం చేశాను. విరగని రేకు ఒకటి పొగచూరినట్టు గోధుమరంగు తిరిగి ఉంది. పైవైపు సబ్బునీళ్లతో తుడిస్తే తళతళలాడింది. ఆ ఉత్సాహంలో తిరగేసి, వెనకవైపు స్పిరిట్ గుడ్డతో గట్టిగా రుద్దాను. మురికితో పాటు బొమ్మలో సగం గుడ్డకి వచ్చేసింది! ఈ రేకుల మీద రంగులు పైన కాదు, అడుగున అచ్చువేస్తారు. ఆ సంగతి తెలిసీ చేయి ఆగలేదు. విరగలేదు కదా అని దాన్ని స్కాన్ కూడా చేయలేదు.

మనవడు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. నలభై ఏళ్లు నిలిచిన బొమ్మ నా చేతిలో నిమిషంలో పోయింది. ‘‘సారీ రా’’ అంటే ‘‘ఇట్స్ ఓకే తాతయ్యా’’ అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి మా ఆవిడ కిందకి దిగింది, వెనకాలే వాడు. రేకుని లైటుకి ఎదురుగా పట్టుకుని చూసి, ‘‘ఇది మన గ్లాస్ పెయింటింగే కదండీ’’ అంది. ఒకప్పుడు వినాయకుళ్లనీ నెమళ్లనీ అద్దాల మీద దించి చుట్టాలందరికీ పంచిన మనిషి! అద్దం వెనక నుంచి వేసే బొమ్మకి లెక్క తిరగబడుతుంది. ముందు గీతలు, తర్వాత రంగులు, అన్నిటికన్నా చివర వెనక నేపథ్యం. మామూలు బొమ్మలో ఆఖరున వేసేది ఇక్కడ మొదట వేయాలి. విప్పేముందు మనవడు తీసిన ఫొటోని పెద్దది చేసి పక్కన పెట్టుకుంది. వాడు రంగులు కలిపి చూపించేవాడు, ఈవిడ ‘‘ఇంకొంచెం పసుపు’’ అనేది. కింద బల్బు వెలుగు దాటి రావాలి కాబట్టి తెల్లరంగు పూత పల్చగా వేసింది. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో వాడు నేర్చుకున్న తెలుగు, మేం వెళ్లిన రెండు నెలల్లో నేర్చుకోలేదు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లల్లోనూ మిక్సీ మూతో, కుట్టుమిషను బొబ్బిన్ కేసో, పాత రేడియో నాబో విరుగుతూనే ఉంటాయి. విరగగానే చెత్తబుట్టలో వేస్తాం. కొత్తది బిగించి, పనిచేస్తోందని చూసుకునే దాకా పాత ముక్కను పారేయకండి. దాని కొలత అదొక్కటే చెప్పగలదు. బాగానే ఉన్నదాన్ని తుడిచే ముందయినా ఒక ఫొటో తీసుకోండి. నాలాంటి ఉత్సాహవంతులు ఇంటికొకరు ఉంటారు.

మావాడు వైర్లు పూర్తిచేసి స్విచ్ వేసిన రాత్రి అందరం బేస్‌మెంట్లో చేరాం. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ‘‘నానమ్మా, నీ పీస్ వెలిగింది!’’ అని అరిచాడు మనవడు. మొదటి బంతి ఆవిడ చేతే వదిలించాడు.

పడుకోబోతూ అడిగాను, తిరుగు ప్రయాణానికి ఇంకా ఎన్ని రోజులుందని.

‘‘ఏమో, ఈ వారం చూడనేలేదండీ’’ అంది.